క్యాలెండర్ బొమ్మను చదవడం

పెనుమూడిలో గాని, రేపల్లెలో గాని పాత ఇళ్ల పూజగదుల్లో అద్దం కట్టించిన లక్ష్మీదేవి పటం మీరు చూసే ఉంటారు. ఈసారి దాని అడుగు అంచు గమనించండి. కత్తెర పడిన గుర్తు ఉంటే అది ఒకప్పటి క్యాలెండర్ కావచ్చు. తేదీలు, కొట్టు పేరు పోయి బొమ్మ దేవుడి పటమైంది. ఇటువంటి బొమ్మను విమర్శకుడు ఎలా చదవాలో ఇప్పుడు పరిశీలిద్దాం.

తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అంటాం కదా, ముందుగా అసలు ప్యారిస్ ఉదాహరణే చూద్దాం. అక్కడ పనిచేసిన చెక్ చిత్రకారుడు అల్ఫోన్స్ ముషా 1896లో షాంపెన్వా ముద్రణాలయం కోసం 'రాశిచక్రం' అనే చిత్రం గీశాడు. అది 1897 క్యాలెండర్. పక్కకు తిరిగిన స్త్రీ ముఖం, తల చుట్టూ రాశుల వలయం. 'లా ప్లూమ్' పత్రిక దాని హక్కులు కొని తన పేరుతో వేసుకుంది. వేరే పేర్లతోనూ అదే బొమ్మ వెలువడింది. నేడు అది వేలానికి వస్తే జాగ్రత్తగల సేకర్త ముఖం చూసి మురిసిపోడు. అడుగున ఎవరి పేరుంది, తేదీల భాగం మిగిలిందా, అంచులు కత్తిరించారా, చిరుగులు అతికించారా అని వెతుకుతాడు. అంచు పోయిన ప్రతికి ధర తగ్గుతుంది.

మన దేశంలో రవివర్మ 1894లో బొంబాయిలో ముద్రణాలయం పెట్టాక దేవతల రంగుల అచ్చులు సామాన్యుల ఇళ్లకు చేరాయి. కొందరు వాటికి జరీ, పూసలు కుట్టి అలంకరించేవారు. తరువాతి తరంలో కోవిల్‌పట్టి చిత్రకారుడు కొండయ్యరాజు, ఆయన శిష్యులు గీసిన దేవతలు శివకాశి అచ్చుల ద్వారా దక్షిణాది గోడలెక్కారు.

"క్యాలెండర్ బొమ్మలా ఉంది" అన్న మాటను మన విమర్శలో తిట్టుగా వాడుతున్నాం. అది తొందరపాటు తీర్పని నా అభిప్రాయం. ఒకే అచ్చులో పోసినట్టున్న ముఖాలు విసుగు పుట్టిస్తాయి, నిజమే. కాని ఆ బొమ్మ గోడమీద ఏడాదిపాటు ఉండాలి, గది అవతలి నుంచి కనిపించాలి, దానికింద బట్టలకొట్టు పేరు ఇమడాలి. ఈ షరతులు వదిలేసి తైలవర్ణ చిత్రాన్ని తూచినట్టు దాన్ని తూచడం సరికాదు.

మరి కత్తెర పట్టిన ఇల్లాలి మాటేమిటి? వేలం లెక్కలో ఆమె సొమ్ము పాడుచేసింది. ఆమె దృష్టిలో దేవత పాదాల కింద ప్రకటన ఉండకూడదు. ఆ కత్తిరింపు కూడా ఒక పఠనమే. సేకర్తకు పనికిరాని ఆ ప్రతినే విమర్శకుడు ముందుగా చూడాలి.

అభ్యాసం: మీ ఊళ్లో ఇలా కత్తిరించిన పటం ఒకటి ఎంచుకోండి. ఏ భాగం తీసేశారో, ఎందుకు తీసేశారో ఇంటివారిని అడిగి పది వాక్యాల్లో రాయండి.