పుట్ట చెదరకుండా పంట

తొలకరి జల్లు పడి, గాలి నిలిచిపోయి, ఉక్కపోసే సాయంత్రం వీధిదీపాల చుట్టూ రెక్కల పురుగులు ముసురుకుంటాయి. తెల్లారేసరికి గడప దగ్గర రాలిన రెక్కలే మిగులుతాయి. పట్నంలో వాటిని దీపం పురుగులని కిటికీలు మూసుకుంటాం. పల్లెలో వాటి పేరు ఉసిళ్ళు, కొన్నిచోట్ల ఈసుళ్ళు. ఆ ఒక్క సాయంత్రం కోసం ఏడాదంతా ఎదురుచూసిన ఇళ్ళు మన దగ్గర చాలా ఉన్నాయి.

ఉసిళ్ళంటే చెదలే. పుట్టలో పనిచేసే కూలి చెదలకు రెక్కలుండవు, చూపూ ఉండదు. వానాకాలం దగ్గరపడేసరికి అదే పుట్టలో రెక్కలూ కళ్ళూ ఉన్న ఆడ, మగ చెదలు తయారవుతాయి. నేల నానగానే గుంపుగా బయటికొచ్చి, కాసేపు ఎగిరి, రెక్కలు రాల్చుకుని, జంటకట్టి మట్టిలో దూరుతాయి. తొలి సంతానం పెరిగి పనిలోకి దిగేదాకా ఆ జంట బతకాల్సింది ఒంట్లో దాచుకున్న కొవ్వు మీదే. అందుకే పుట్ట వాటిని బాగా మేపి మరీ పంపుతుంది. వేగిన ఉసిళ్ళ కమ్మదనం అక్కణ్ణుంచి వచ్చిందే.

పట్టడంలోనే అసలు విద్య ఉంది. ఏ పూట లేస్తాయో పుట్టే చెబుతుంది. ఆ రోజు కూలి చెదలు పుట్ట గోడకు సన్నని కన్నాలు పెడతాయి, వాటి దగ్గర పెద్ద తల చెదలు కాపలా నిలుస్తాయి. అది కనిపెట్టినవాళ్ళు పొద్దుగూకక ముందే పుట్ట పక్కన గుంట తీసి, నున్నని కుండ దించుతారు. పుట్ట మీద కొమ్మలో గోనెపట్టాలో కప్పి ఒక్కవైపే దారి వదులుతారు. ఆ దారి చివర దీపం పెడతారు. వెలుగు కోసం వచ్చినవి కుండలోకి జారతాయి, నున్నని గోడ ఎక్కి రాలేవు. అంత శ్రమ వద్దనుకుంటే ఇంట్లో దీపాలన్నీ ఆర్పేసి, ఒక్క దీపం కింద వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పెడతారు. రెక్క తడిసిందంటే మళ్ళీ లేవదు.

తర్వాతి పని ఆడవాళ్ళ చేతుల్లో ఉంటుంది. పచ్చివి నిలవ ఉండవు కాబట్టి వెంటనే మంగలంలో వేసి సన్నని సెగ మీద వేయిస్తారు. చుక్క నూనె అక్కర్లేదు, తమ కొవ్వులోనే వేగుతాయి. చేటలో వేసి చెరిగితే రెక్కలు గాలికి ఎగిరిపోతాయి. వేయించిన బియ్యమో బొరుగులో కలిపి, ఉప్పూ కారం చల్లి పిల్లల దోసిళ్ళలో పోస్తారు. మిగిలినవి ఎండబెడితే కొన్నాళ్ళు నిలవ ఉంటాయి.

ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది, పుట్టను ఎవరూ తవ్వకపోవడం. రాణీ, కూలి చెదలూ లోపలే ఉంటాయి. బయటికొచ్చిన ఉసిళ్ళలో చాలా భాగం ఎలాగూ కాకులకూ కప్పలకూ బల్లులకూ పోయేవే. ఆ మిగులులోంచి మనిషి తన వాటా తీసుకుంటాడు. నాగుల చవితినాడు పాలు పోసేదీ ఆ పుట్టలాంటి పుట్టకే.

సముద్రం దాటి ఉగాండాకో పశ్చిమ కెన్యాకో వెళితే ఈ విద్యే ఇంకో మెట్టు పైన కనిపిస్తుంది. అక్కడివాళ్ళు వాన కోసం ఊరికే కాచుకుని కూర్చోరు. పుట్ట చుట్టూ నేల మీద కర్రలతో లయగా కొడతారు, నీళ్ళు చల్లుతారు. పైన చినుకులు పడుతున్నాయనుకుని కొన్ని జాతుల చెదలు బయటికి వస్తాయి. కొన్నిచోట్ల ఏ పుట్ట ఏ కుటుంబానిదో ఊరంతటికీ తెలుసు. పొలంలాగే అదీ వారసత్వంగా వస్తుంది. తనది అనుకున్న పుట్టను ఎవరు పాడు చేసుకుంటారు?

చీమలను పట్టడానికి ఇంకో రకం నేర్పు కావాలి. మన ఎగువన బస్తర్‌లోనూ, ఒడిశా మయూర్‌భంజ్‌లోనూ చెట్ల మీద ఆకులు కుట్టి గూడు కట్టుకునే ఎర్రచీమలున్నాయి. కుడితే ఒళ్ళు మండిపోతుంది. గూడును కొమ్మతో సహా తెంచి నీళ్ళల్లో ముంచి, ఆకులూ పుల్లలూ ఏరేసి, చీమలనూ వాటి పిల్లలనూ వేరుచేస్తారు. ఉప్పు, అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేసి రోట్లో నూరుతారు. చింతపండు అక్కర్లేదు, చీమలోని ఆమ్లమే పులుపు. మయూర్‌భంజ్ సిమిలిపాల్ అడవుల ‘కాయి’ పచ్చడికి 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు దక్కింది. అక్కడివాళ్ళ తిండిని వెనకబాటుతనమని చూసినవాళ్ళ మధ్య, పేరుతో సహా అది వాళ్ళదేనని దేశం ఒప్పుకోవడం నాకు పెద్ద సంగతే.

2013లో ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ తినదగిన కీటకాల మీద ఒక నివేదిక తెచ్చింది. లోకంలో తింటున్నవి 1,900 రకాలకు పైనే అని అందులో లెక్క. అంతే మాంసకృత్తుల కోసం పశువులకు కావలసిన మేతలో కీచురాళ్ళకు పన్నెండో వంతు చాలని కూడా ఆ నివేదిక చెప్పింది. అప్పట్నుంచి పొడులూ బిస్కెట్లూ తయారుచేసే కంపెనీలు చాలా దేశాల్లో వెలిశాయి. మంచిదే. కానీ పుట్టను చూసి పూట చెప్పగలిగిన కన్ను ఆ పొట్లాల్లోకి రాదు.

జాగ్రత్తలూ ఉన్నాయి. రొయ్యలు పడనివాళ్ళకు ఇవీ పడకపోవచ్చు, రెండూ దగ్గరి చుట్టాలే. పురుగుమందు కొట్టిన పొలాల్లోవీ, చెదల మందు పోసిన చోటివీ ముట్టకూడదు. మందులు రానినాడు ఈ రెండో భయం లేదు. ఇప్పుడు మందులే కాదు, చదును చేసే యంత్రం గట్టు మీదికి వచ్చిందంటే పూటలో పది పుట్టలు నేలమట్టం. వాటితోపాటే, ఎప్పుడు దీపం పెట్టాలో తెలిసిన ముసలాళ్ళకు ఆ సంగతి చూపించే చోటూ పోతుంది.

చెయ్యి పడని పుట్ట ఇంకొకటి కూడా ఇస్తుంది. లోపల చెదలు బూజు తోట పెంచుకుంటాయి. వానలు కుదురుకున్నాక ఆ తోటలోంచే పుట్టను చీల్చుకుని పొడవాటి కాడలతో తెల్లటి గొడుగులు లేస్తాయి. ఉసిళ్ళు పట్టిన ఇంటివాళ్ళే మళ్ళీ బుట్టతో వస్తారు, ఈసారి పగటిపూట. వాటిని చూసే మనవాళ్ళు ‘పుట్టగొడుగు’ అన్నారు.