రెండు అరుగులు

సత్రమంటే ఏమిటో తెలుగువాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. వీధిలోకి అరుగు, లోపల నడవ, పెరట్లో బావి, వంటశాల నుంచి పొగ. రాత్రికి నడుం వాల్చి తెల్లారగానే మూట సర్దుకుని వెళ్లే చోటు. దాని పక్కన ఇరాన్‌లో బిడార్లు ఆగే మేబొద్ కారవాన్‌సరాయిని నిలిపి చూడాలని నాకు చాలాకాలంగా కోరిక. యజ్ద్ నగరానికి ఉత్తరంగా సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, ఎడారి అంచున ఉన్న చిన్న పట్నం మేబొద్. అక్కడి సరాయిని సఫవీ చక్రవర్తి షా అబ్బాస్ పేరుతోనే పిలుస్తారు.

ముందు మాట దగ్గరే చుట్టరికం బయటపడుతుంది. బిడారు ఒక రోజులో నడిచే దూరాన్నీ, ఆ నడక ఆగే చోటునూ అక్కడ మంజిల్ అంటారు. అదే మన నోట మజిలీ అయింది. మధిర సుబ్బన్న దీక్షితులు ‘కాశీమజిలీ కథలు’ అని పేరు పెట్టినప్పుడు గానీ, 1830–31లో ఏనుగుల వీరాస్వామి కాశీయాత్రలో ఊరూరి బసనూ రాసిపెట్టుకున్నప్పుడు గానీ లెక్క అదే: కాలు ఎంత దూరం మోయగలదో అంత దూరానికొక నీడ. అయితే ఎండాకాలంలో ఎడారి బిడార్లు రాత్రిళ్లు నడిచి పగలు పడుకునేవి. మనం రాత్రి బస అనుకునేది అక్కడ చాలాసార్లు పగటి నిద్రే.

మేబొద్ సరాయి బయటినుంచి చూస్తే ఇటుక గోడ తప్ప ఏమీ లేదు. బరువెత్తిన ఒంటె తల వంచకుండా వెళ్లేంత ఎత్తైన ద్వారం ఒక్కటే. దాటి లోపలికెళ్తే చతురస్రపు ముంగిలి, నడుమ కొలను, నాలుగు వైపులా కమానుల వరుస. ప్రతి గది ముందూ నేలకన్నా ఎత్తుగా కట్టిన దిమ్మె. దాన్ని చూడగానే నా నోట వచ్చిన మాట అరుగు. జంతువును దాని పక్కకు తోలితే మూటను పైనుంచి కిందికి దించక్కర్లేదు, పక్కకు లాగితే చాలు. సాయంత్రం వర్తకులు కూర్చునేదీ దానిమీదే. ఇలాంటి సరాయిల్లో గదుల వెనక చీకటి నడవాల్లో పశువులు ఉండేవి. చలిరాత్రి వాటి ఒంటి వేడి గోడల్లోకి పాకేది.

మన సత్రానికీ అరుగే ప్రాణం. అయితే అది వీధివైపు తిరిగి ఉంటుంది. ఎండలో నడిచొచ్చినవాడు ఎవర్నీ అడక్కుండా దానిమీద కూలబడొచ్చు. సరాయి అరుగు లోపలికి తిరిగి ఉంటుంది. ఇసుకగాలి, దొంగల భయం ఉన్నచోట గోడే దయ. రాత్రి ఆ ఒక్క తలుపూ మూస్తే అందరికీ నిద్ర పట్టేది.

రెంటినీ నిలబెట్టిన డబ్బు దారి కూడా ఒకటే. ఇక్కడ సత్రానికి మాన్యం రాసినట్లే, అక్కడ చాలా సరాయిలకు వక్ఫు ఆస్తులు రాశారు. పుణ్యం లెక్కలు కూడా పోలినవే. కానీ ఆ పుణ్యం చేతికందే రూపం వేరు. సరాయి గదిలో ఉండేది నాలుగు వట్టి గోడలు. పరుపు, గిన్నె, పిండి అన్నీ ప్రయాణికుడివే. సత్రం మాత్రం విస్తరి వేస్తుంది. గోదావరి లంకల గన్నవరంలో ఆకలితో వచ్చినవాళ్లకు జీవితమంతా వండిపెట్టిన డొక్కా సీతమ్మ గారి (1841–1909) లాంటి మనిషిని అక్కడి సరాయి చరిత్రలో వెతకడం వృథా. ఆ ఏర్పాటులో వండిపెట్టే చేతికి చోటే లేదు.

ఇంతవరకూ చెప్పి ఆగిపోతే సత్రం పట్ల పక్షపాతమవుతుంది. ఆ విస్తరి ఎవరిముందు పడింది? ఎన్నో సత్రాలు కులం పేరుమీదే కట్టినవి. పంక్తులు వేరు, కొందరికి లోగుమ్మమే నిషిద్ధం. అందరిదీ అనుకున్న ఆ వీధి అరుగు, లోపలికి రానివ్వని వాళ్లను ఆపిన హద్దు కూడా. సరాయిలో హోదా తేడాలు లేవని కాదు. కానీ పారశీక దారుల్లో తిరిగిన అర్మేనియా పట్టు వర్తకుడూ ముల్తాన్ హిందూ వ్యాపారీ ఎవరి పొయ్యి వాళ్లు పెట్టుకుని ఒకే ముంగిట్లో తెల్లవార్చగలిగారంటే, ఆ వట్టి గోడల పుణ్యమే. ఎవరి చేతి వంటా తినాల్సిన పని లేనిచోట ఎవరి చేతి వంట అన్న ప్రశ్న అంతగా తలెత్తదు. అన్నం పెట్టడం ఎంత గొప్పదో, దాని వెంట వచ్చిన మైల లెక్క అంత బాధాకరమైంది. సత్రాన్ని ప్రేమించే వాడిగానే ఈ మాట అంటున్నాను.

ఈ రెండు పద్ధతుల మధ్యా నడిచి చూడాలంటే ఇరాన్ దాకా పోనక్కర్లేదు. గోల్కొండ దారిలో ఒక పేటకు పేరే కార్వాన్. హైదరాబాదు నుంచి మచిలీపట్నం వెళ్లే దారిలో, కుతుబ్‌షాహీల హయాత్‌బక్షీ బేగం పేరుమీద వెలిసిన హయత్‌నగర్‌లో సరాయి ఉంది. పారశీక పద్ధతిలోనే కమానుల గదులు చుట్టూ తిరిగి లోపలికి చూస్తాయి. కానీ ఇటుక, మట్టి బదులు మన రాయీ సున్నమూ. మేబొద్ ముంగిట్లో కొలను ఉన్నచోట, ఇక్కడ ఎత్తైన వేదికమీద మసీదు.

తాగే నీళ్ల కోసం మాత్రం రెండుచోట్లా గోడ దాటాల్సిందే. మేబొద్‌లో సరాయి పక్కనే నీటిగుమ్మటం, దారి అవతల శీతాకాలపు మంచును వేసవిదాకా దాచిన మట్టి గుమ్మటం. హయత్‌నగర్‌లో మసీదుకు కాస్త దూరంలో హాథీ బావి, ఏనుగుల పేరు మోసేంత పెద్దది. కమానుల కింద రాత్రి గడిపిన వర్తకుడూ ఆ గుమ్మంలో ఎన్నడూ అడుగుపెట్టని ఊరివాళ్లూ తాగిన నీళ్లు మాత్రం ఆ గోడలకు బయటే ఉండేవి.