సంగీతంలో డాక్టరమ్మలు

సంగీతంలో డాక్టరేటంటే మనవాళ్ళకి ఇప్పటికీ నవ్వులాటే. "ఏ రోగానికి మందిస్తావమ్మా?" అని అడిగే బాబాయిగారు ప్రతి పెళ్ళిలోనూ ఒకరుంటారు. ఆయన సంగతి వదిలేద్దాం. ఆ అమ్మాయిలు రాస్తున్న సిద్ధాంత గ్రంథాలు ఎలా ఉన్నాయో చూద్దామని ఈమధ్య ఓ అరడజను ఓపిగ్గా చదివాను.

ఓపిక అని ఎందుకన్నానంటే, విషయం హరికథ కానివ్వండి, జావళి కానివ్వండి, బండి సామవేదం దగ్గరే బయల్దేరుతుంది. భరతుడు, శార్ఙ్గదేవుడు, వేంకటమఖి, అన్ని స్టేషన్లలోనూ ఆగుతుంది. అసలు ఊరు చేరేసరికి నూటయాభై పేజీలు. చేరాక కనిపించేవి పట్టికలు. కల్యాణిలో ఇన్ని, తోడిలో ఇన్ని, ఆదితాళంలో ఇన్ని. చాకలి పద్దు నయం, ఏ చీర మరక పోలేదో అందులో అయినా ఉంటుంది. ఆ తోడి ఈ వాగ్గేయకారుడి దగ్గర ఏ పోకడ పోయిందో వీటిలో ఉండదు.

జావళీల మీద రాసిన ఒకమ్మాయి గ్రంథంలో మాత్రం ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. వాళ్ళ గురువుగారు ఒకే పల్లవిని అభినయానికి ఒకలాగా, కచేరీకి ఇంకోలాగా పాడతారట. రెంటినీ పక్కపక్కన స్వరపరిచి, గమకం ఎక్కడ తగ్గిందో, ఎందుకు తగ్గిందో నాలుగు వాక్యాల్లో చెప్పింది. ఎంత బాగుందో! ఆ ఒక్క పేజీకీ మిగతా మూడొందలూ క్షమించేశాను. ఇంతకీ అది ఎక్కడుందనుకున్నారు? చిట్టచివర, అనుబంధంలో. పుస్తకంలోంచి ఎత్తి రాస్తే ఎవరూ ఏమీ అనరు. గురువు నోట విన్నది రాస్తే ఆధారం చూపమంటారు. భయపడి అక్కడ దాచుకుంది కాబోలు.

సుబ్బరామ దీక్షితులుగారు ఇలాగే భయపడి ఉంటే మనకి 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' దక్కేదా? 1904లో, తమిళదేశంలోని ఎట్టయపురంలో, తెలుగు లిపిలో అచ్చయిన పుస్తకం అది. ముత్తుస్వామి దీక్షితుల కృతులు రెండువందల పైచిలుకు, గమకాలకి వేరే గుర్తులు పెట్టి మరీ స్వరపరిచారు. తమ ఇంట వచ్చిన పాఠమే ఆయనకి ఆధారం. ఇవాళ మన పరిశోధకులు ఆధారం కావాలంటే ఆయన పుస్తకమే చూపిస్తారు, తమాషా!

అయితే ఆయన వెనక సంస్థానం ఉంది. ఈ పిల్ల వెనక? జె.ఆర్.ఎఫ్. వస్తే 2023 నుంచి నెలకి 37,000 రూపాయలు. రానివాళ్ళు తెల్లవారుజామున లేచేది సాధకానికి కాదు, అమెరికా పిల్లలకి ఆన్‌లైన్‌లో పిళ్ళారి గీతాలు చెప్పడానికి. యూనివర్సిటీ శాఖలో ఉద్యోగానికి ఇకమీదట పిహెచ్.డి. ఉండి తీరాలని 2018లో నిబంధన పెట్టారు. అది నమ్ముకుని చేరినవాళ్ళు సగంలో ఉండగానే, 2023లో, నెట్ చాలన్నారు. ఆకాశవాణిలో 'ఎ' గ్రేడు ఉన్న కళాకారులకి మామూలు డిగ్రీతోనే అసిస్టెంట్ ప్రొఫెసర్ అయ్యే దారి కూడా ఆ 2018 నిబంధనల్లోనే ఉంది. కానీ ఆ గ్రేడు రావాలంటే గొంతు పండాలి కదండీ! పండవలసిన ఆ అయిదారేళ్ళూ కాస్తా శార్ఙ్గదేవుడి స్టేషన్‌లో గడిచిపోతున్నాయి. ఈలోగా ఇంట్లో సంబంధాలు చూడ్డం ఎలాగూ ఆగదు.

పాత చరిత్ర అక్కర్లేదని నేననను. పది పేజీలు చాలు. పదకొండో పేజీలో జావళి మొదలవ్వాలి, గురువుగారి పేరుతో సహా. గైడ్లు ఆ మాత్రం ధైర్యం ఇస్తే పిల్లలు పాడుకుంటూనే రాసుకుంటారు.

మీ ఇంట్లో ఇలాంటి అమ్మాయి ఉంటే, అట్టమీది బంగారు అక్షరాలు చూసి మురిసిపోయి ఆ గ్రంథాన్ని బీరువాలో పెట్టేయకండి. అనుబంధం తిప్పి, అక్కడున్నది ఓసారి పాడి వినిపించమనండి.