స్పానిష్ అభ్యాసానికి తెలుగు దారి

ఆధునిక యూరప్ భాషకు అచ్చులో వెలువడిన తొలి వ్యాకరణంగా పేరుపొందిన గ్రంథాన్ని ఆంటోనియో దె నెబ్రిహా 1492లో సలమాంకాలో ప్రచురించాడు. కాస్తిలియన్‌ను, అంటే నేడు స్పానిష్‌గా వ్యవహరిస్తున్న భాషను, వివరించిన ఆ అయిదు భాగాల గ్రంథంలో చివరి భాగం పరభాషల వారి కోసమే రాసినది. పలికినట్లే రాయాలని, రాసినట్లే పలకాలని నెబ్రిహా చెప్పిన సూత్రం ఆ తరువాత స్పానిష్ వర్ణక్రమానికి చాలావరకు ఆధారమైంది. అందువల్ల ఈ భాషలో బిగ్గరగా చదవడం మొదటి వారం నుంచే సాధ్యమవుతుంది. అయితే ‘హెచ్’ అక్షరానికి ఉచ్చారణ లేకపోవడం, ‘బి’, ‘వి’ ఒకే ధ్వనిని సూచించడం వంటి కొద్ది చిక్కుల వల్ల, విన్నది విన్నట్లు రాసి సరిచూసుకునే డిక్టేషన్ కూడా దానికి తోడు కావాలి.

తెలుగువారు సాధారణంగా ఇంగ్లీషు మీదుగా స్పానిష్‌ను నేర్చుకుంటారు గానీ, ఉచ్చారణలోనూ వాక్యనిర్మాణంలోనూ ఇంగ్లీషు కంటే తెలుగే అనేక చోట్ల దగ్గరి దారి చూపుతుంది. స్పానిష్ అచ్చులు అ, ఎ, ఇ, ఒ, ఉ అనే అయిదే. క, త, ప ధ్వనులను తెలుగులో వలెనే ఊపిరి ఒత్తకుండా పలుకుతారు. త, ద ధ్వనులకు నాలుక పంటికే తగులుతుంది కనుక, ఇంగ్లీషు అలవాటుతో వాటిని ట, డలుగా మార్చకూడదు. తెలుగువారు జాగ్రత్తపడవలసినది హ్రస్వదీర్ఘాల విషయంలో. స్పానిష్‌లో అర్థాన్ని మార్చేది అచ్చు నిడివి కాదు, ఊనిక, అంటే ఒక అక్షరాన్ని తక్కినవాటికంటే నొక్కి పలకడం. ‘పప’ అన్న మాటలో మొదటి అక్షరాన్ని నొక్కితే లాటిన్ అమెరికాలో బంగాళదుంప, రెండో అక్షరాన్ని నొక్కితే నాన్న. అలాగే ‘పెరో’ అంటే కానీ, నాలుకను అదిరిస్తూ ‘పెర్రో’ అంటే కుక్క.

వాక్యనిర్మాణంలో పోలికలు మరింత స్పష్టం. ‘మాట్లాడతాను’ అన్న క్రియలోనే ‘నేను’ తెలుస్తున్నట్లు ‘ఆబ్లో’ అన్న రూపంలోనూ కర్త ఇమిడి ఉంటుంది కనుక, ప్రతి వాక్యాన్నీ ‘యో’ (నేను) అని మొదలుపెట్టడం కృతకంగా వినిపిస్తుంది. ‘నాకు కాఫీ ఇష్టం’ అన్నదానికి సమానమైన ‘మె గుస్తా ఎల్ కఫే’లో ‘మె’ అంటే నాకు. క్రియ ఇష్టపడే మనిషిని కాక ఇష్టమైన వస్తువును అనుసరిస్తుంది. ఇంగ్లీషు వారికి తలకిందులుగా తోచే ఈ నిర్మాణం ‘కు’ ప్రత్యయంతో పెరిగిన తెలుగువారికి సహజంగానే పట్టుబడుతుంది. భూతకాలంలో ముగిసిన పనికి ఒక రూపం, అలవాటుగా సాగిన పనికి మరొక రూపం ఉండటం కూడా అంతే: ‘ఆబ్లో’ను చివరి అక్షరం నొక్కి పలికితే మాట్లాడాడు, ‘ఆబ్లాబా’ అంటే మాట్లాడేవాడు. ‘తు’, ‘ఉస్తెద్’ అనే సంబోధనలు స్థూలంగా నువ్వు, మీరు వంటివే అయినా, అర్జెంటీనాలో ‘తు’కు బదులు ‘వోస్’ వాడుకలో ఉంది.

తెలుగు తోడు రాని చోట్లనే అసలు శ్రమ పెట్టాలి. ప్రతి నామవాచకానికీ పుంలింగమో స్త్రీలింగమో ఉండటం, ఆ లింగాన్ని చాలాసార్లు అర్థం నుంచి ఊహించలేకపోవడం వీటిలో మొదటిది. ‘ఓ’తో ముగిసినా ‘మానో’ (చేయి) స్త్రీలింగం, ‘ఆ’తో ముగిసినా ‘దియా’ (రోజు) పుంలింగం; అందుచేత మాటను ఒంటరిగా కాక ‘లా మానో’, ‘ఎల్ దియా’ అని దాని ముందుండే ఉపపదంతో కలిపి కంఠస్థం చేయడమే మేలు. రెండోది ‘సెర్’, ‘ఎస్తార్’ అనే రెండు ఉనికి క్రియల తేడా. ఆపిల్ గురించి ‘ఎస్ వెర్దె’ అంటే అది పచ్చరంగుది అని, ‘ఎస్తా వెర్దె’ అంటే ఇంకా పచ్చిగా ఉంది అని అర్థం. మొదటి క్రియ స్వభావాన్ని, రెండోది మారే స్థితిని సూచిస్తాయన్న సూత్రం చాలాచోట్ల పనిచేస్తుంది గానీ, చనిపోయి ఉండటాన్ని కూడా ‘ఎస్తార్’తోనే చెబుతారు కనుక, ఇటువంటివాటిని ఉదాహరణ వాక్యాలతోనే గుర్తుంచుకోవాలి.

క్రియారూపాల పట్టికలన్నీ ఒకేసారి వల్లించడం కంటే, ఉండటం, కలిగి ఉండటం, వెళ్లడం, చేయడం వంటి తరచుగా వచ్చే క్రియలను వర్తమానంలో స్థిరపరచుకుని, ‘వోయ్ ఆ’ తరువాత మూలక్రియను చేర్చి భవిష్యత్తును చెప్పడం మొదలుపెడితే సంభాషణ త్వరగా సాగుతుంది. ప్రావీణ్యాన్ని పరీక్షించుకోదలచినవారికి, 1991లో ఏర్పడిన సెర్వాంతెస్ సంస్థ ఎ1 నుంచి సి2 వరకు ఆరు స్థాయిల్లో నిర్వహించే డెలె పరీక్షలు ఉన్నాయి.

తెలుగు నేలకు ఈ భాషతో సంబంధం కొత్తది కాదు. బార్సిలోనాలో పుట్టిన విసెంతె ఫెర్రెర్ 1969 నుంచి అనంతపురం కేంద్రంగా సాగించిన సేవకు స్పెయిన్ దాతలే ప్రధాన ఆధారమయ్యారు. హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో (ఇఫ్లూ) స్పానిష్ బోధన జరుగుతోంది. ఇరవై దేశాల్లో అధికార భాషగా ఉన్న స్పానిష్‌ను తెలుగులోనే వివరించే వ్యాకరణాలు, నిఘంటువులు విరివిగా రావాలి. అందుకు విశ్వవిద్యాలయాలు, ప్రచురణ సంస్థలు పూనుకోవాలి. అంతవరకు అభ్యాసకులు ఇంగ్లీషు పాఠ్యపుస్తకాన్నే వాడినా, ప్రతి నియమం పక్కనా ఒక తెలుగు వాక్యం రాసుకోవడం మరవకూడదు.