చుక్క ఎక్కడ పెట్టాలి?

మూడో తరగతి పిల్లాడు మధ్యాహ్న భోజనం కాగానే వచ్చి ఊపిరి తీసుకోకుండా చెప్తాడు: "సార్, రాత్రి మా మేక ఈనింది, రెండు పిల్లలు, నల్లది లేస్తలేదు, మా నాయనమ్మ ముక్కుల ఊదింది, అప్పుడు లేసింది." అదే పిల్లాణ్ణి మేక గురించి రాయమంటే "మేక సాధు జంతువు. దానికి నాలుగు కాళ్లు ఉండును" అని రాస్తాడు. నాయనమ్మ లేదు, ఊదడం లేదు. వాళ్లింట్లో ఎవరూ అలా మాట్లాడరు. అది గైడు నుంచి, బోర్డు మీది నుంచి వచ్చిన భాష. ఏటా ఆగస్టు 29న, గిడుగు రామమూర్తి పుట్టినరోజున, తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. వాడుక భాష కోసం పోరాడిన ఆయన మీద వ్యాసం రాయించేదీ ఈ గైడు భాషలోనే. చూస్తే ఆయన కోప్పడేవారనే నా అనుమానం.

బళ్లో రాత అంటే చూచిరాత, ఉక్తలేఖనం. చెయ్యి కుదరాలి కాబట్టి రెండూ కావాల్సిందే. సొంత మాట మాత్రం మాట్లాడిస్తేనే వస్తుంది. అందుకే పిల్లాడు చెప్పింది చెప్పినట్టే బోర్డు మీద రాస్తాను. "లేస్తలేదు"ను "లేవడం లేదు" అని మార్చను. కథల పుస్తకాలు చేతికి అందితే ఆ తేడా వాడే పట్టుకుంటాడు. తర్వాత బోర్డు తుడిచేసి, ఇక నువ్వు రాయి అంటాను.

అసలు పేచీ ఒత్తుల దగ్గర కాదు, చుక్క దగ్గర. లేచి, పోయి, చూసి, వచ్చి, తిని... తెలుగు వాక్యాన్ని ఎంత దూరమైనా లాగొచ్చు, పిల్లలు పేజీ చివరిదాకా లాగుతారు. వ్యాకరణం చెప్తే ఎక్కదు. రాసింది గట్టిగా చదవమంటాను. గొంతు ఆగిన చోట పెన్సిలూ ఆగుతుంది, అక్కడ చుక్క. ఆపైన ఒకటి రెండు ప్రశ్నలు. "ఇంకా వివరంగా రాయి" అంటే వాళ్లకు ఏమీ అర్థం కాదు. "చీకట్ల ఎట్ల కనబడింది?" అంటే "నాయన సెల్లు లైటు పట్టిండు" అని కొత్త వాక్యం పుడుతుంది.

ఉక్రెయిన్‌లోని పావ్లిష్ బడికి 1948 నుంచి 1970లో చనిపోయేదాకా హెడ్మాస్టరుగా ఉన్న సుహోమ్లిన్‌స్కీ పిల్లల్ని ఆరుబయటికి తీసుకెళ్లి, ఇలాగే చూసినదాని గురించి ముందు మాట్లాడించి, తర్వాత రాయించేవాడు. మన పల్లె బడుల చుట్టూ పొలాలకు కొదవలేదు, టైంటేబుల్లోనే జాగా లేదు.

ఎర్ర పెన్నుతో వారానికి ఒక్క రకం తప్పే దిద్దుతాను. ఈ వారం దీర్ఘాలు. శ, ష, స గొడవ తర్వాత. "తప్పులు దిద్దలేదేంది సారూ?" అని తల్లిదండ్రులు అడుగుతారు. అడగాలి కూడా. జవాబుగా పిల్లల చేతే వాళ్లు రాసింది చదివిస్తాను. సంత గురించి కూతురు రాసింది విన్న ఒకాయన ఒత్తుల మాట మరిచిపోయి, కోడిపుంజు ధర ఎక్కువ రాసిందని కొట్లాడాడు. ఆ పిల్ల అంకె చెరపలేదు. కింద "మా నాయనకు బేరం చెయ్యరాదు" అని ఇంకో వాక్యం కలిపింది.