ఏ నెల వాన?

బ్రయన్ బ్రేక్ తీసిన 'మాన్‌సూన్ గర్ల్' ఫోటో మీలో చాలామంది చూసే ఉంటారు. పైకెత్తిన మొహం, మూసిన కళ్ళు, చర్మం మీద చినుకులు. 1961లో లైఫ్ పత్రికలో వచ్చిన వరస ఫోటోల్లో ఒకటి. ఆ అమ్మాయి అపర్ణా సేన్, అప్పటికింకా స్కూలు పిల్ల. ఆ వానేమో వాన కాదు, కలకత్తాలో ఒక డాబా మీద పైనుంచి పోసిన నీళ్ళు. ఆ సంగతి తెలిసినప్పుడు నాకు మోసపోయినట్టే అనిపించింది. చెప్పకుండా, సర్దకుండా తీసిందే ఫోటో, మిగతాదంతా నాటకం అని నమ్మే రోజులవి. దానికి పోటీగా రఘుబీర్ సింగ్ 1967లో బీహార్‌లోని మోంఘీర్‌లో తీసిన ఫోటో చూపించి స్నేహితులతో వాదించేవాణ్ణి. జడివానలో తడిసిన చీరల్తో ఒకరినొకరు హత్తుకుని ఉన్న ఆడవాళ్ళు. ఎవరూ కెమెరా కోసం లేరు.

ఇప్పటికీ సింగ్ ఫోటోనే గొప్పదంటాను. కారణం మాత్రం ఆదోని మార్కెట్ యార్డులో మారిపోయింది.

మాది ఎమ్మిగనూరు. ఉద్యోగం బెంగళూరులో. ఓ నవంబరులో సెలవుకొచ్చి, యార్డులో పత్తి కుప్పల మధ్య తిరుగుతుంటే వాన అందుకుంది. కెమెరాకి ప్లాస్టిక్ కవరు చుట్టాను. వాన ఫోటోలో పడాలంటే వెనకనుంచి వెలుగు రావాలి. షట్టర్ మరీ వేగంగా ఉంటే చినుకులు చుక్కలైపోతాయి, గీతలు కావాలంటే 1/60 దగ్గర ఉంచాలి. ఇవన్నీ చూసుకుంటున్నాను. ఎదురుగా ఒక పెద్దాయన ఒక్కడే కుప్ప మీదికి పట్ట లాగుతున్నాడు. నొక్కాను. ఆయన చూశాడు.

"ఫోటో తర్వాత తీసుకుందువులే, ఆ కొస పట్టుకో అప్పా!"

అప్పటికి రెండు ఫోటోలు తీసేశాను. పత్తిలో తేమ 12 శాతం దాటితే సీసీఐ కొనదు. ఇంక వ్యాపారి చెప్పిందే ధర. మా నల్లరేగళ్ళలో జూన్‌లో ఇదే వాన కోసం ఆకాశం చూస్తారు. ముంగారు వాన విత్తనం వేయిస్తుంది, నవంబరు వాన పంట మీద పడుతుంది. మా ఊళ్ళో మగ్గాల వాళ్ళ లెక్క మళ్ళీ వేరు: ముసురు పట్టిందంటే ఏ నెలైనా పడుగు ఆరదు, గుంత మగ్గంలో చెమ్మ, పని నిలిచిపోతుంది.

ఫోటోలో మాత్రం ఈ వానలన్నీ ఒకేలా ఉంటాయి. ఆ ఫోటో మా వాట్సాప్ గ్రూపులో పెడితే "వాన అందం" అన్నారు. వాళ్ళ తప్పేం లేదు, నేను తీసిందే అలా.

బ్రేక్ ఫోటోతో నా పేచీ ఇప్పుడు నీళ్ళు పోశారని కాదు. ఆ వానకి నెల లేదు, పొలం లేదు. ఎక్కడైనా ఎప్పుడైనా పడగల వాన అది. క్యాలెండరుకి సరిపోతుంది. సింగ్ ఫోటో కింద ఊరూ ఏడాదీ ఉన్నాయి. 1966-67లో బీహార్‌ని కరువు పట్టుకుంది. అది తెలిశాక ఆ ఆడవాళ్ళ ముడుచుకుపోవడం చలి ఒక్కదాని వల్ల కాదేమో అనిపిస్తుంది. ఇది నేను అంటగడుతున్న అర్థమే కావచ్చు. అంటగట్టుకోడానికి చోటిచ్చాడు కదా ఆయన. చెప్పకుండా తీయడం ఒక్కటే అయితే, అది నేనూ చేశాను.

నా రెండో ఫోటోలో కుడిపక్క గాలికి ఎగురుతున్న పట్ట కొస ఉంది. మొదట్లో అది అడ్డమనిపించి కత్తిరించేశాను. ఇప్పుడు దాన్ని ఉంచి, కింద నవంబరు అని రాసిపెట్టుకున్నాను.