అంకె అదే, కొలత మారింది

రెండు విమాన సంస్థలు కలిసిపోయినప్పుడు పాత ప్రయాణికులకు వచ్చే మెయిల్‌లో మొదటి మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: మీ పాయింట్లు భద్రం. 2024 నవంబరు 12న విస్తారా ఎయిరిండియాలో కలిసినప్పుడూ అదే మాట చెప్పారు, మాట నిలబెట్టుకున్నారు కూడా. క్లబ్ విస్తారాలో ఉన్న పాయింట్లన్నీ ఒకటికి ఒకటి చొప్పున ఎయిరిండియా ఖాతాలోకి చేరాయి. అయినా అలాంటి మెయిల్ వచ్చినప్పుడు నేను ముందు చూసేది ఆ అంకెను కాదు. ఆ అంకెతో నిన్న ఎక్కడిదాకా వెళ్ళగలిగేవాళ్ళం, రేపు ఎక్కడిదాకా వెళ్ళగలం అన్నది చూస్తాను.

ఈ పాయింట్లనే మైల్స్ అనీ అంటారు. మా ఇంట్లో అందరి మైల్స్ లెక్కా చూసేది నేనే. అన్నయ్య కుటుంబం న్యూజెర్సీలో, చెల్లెలు డాలస్ దగ్గర. అమ్మానాన్నలు వెళ్ళిరావడాలు, పిల్లల చదువుల ప్రయాణాలు, మధ్యలో ఎవరిదో ఒకరి పెళ్ళి. ఎవరి ఖాతాలో ఎన్ని ఉన్నాయి, ఏవి ఎప్పుడు మురిగిపోతాయి, ఏ సంస్థ ఏ కూటమిలో ఉంది అన్నీ ఒక పుస్తకంలో రాసి ఉంచుతాను. ఇది డబ్బున్నవాళ్ళ కాలక్షేపం అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. కంపెనీ ఖర్చు మీద తిరిగేవాళ్ళకి మైల్స్ ఒక సౌకర్యం. రెండేళ్ళకొకసారి సొంత డబ్బుతో సముద్రం దాటే కుటుంబానికి అవి అంతకంటే చాలా ఎక్కువ. ఒక టికెట్ మైల్స్‌తో వచ్చిందంటే నాన్నతోపాటు అమ్మ కూడా వెళ్ళగలదు. గోల్డ్ హోదా ఉన్నవాళ్ళకి ఇంకో పెట్టెకి అనుమతి వస్తే ఆవకాయా కారప్పొడులూ పట్టుచీరల పక్కన చోటు వెతుక్కోనక్కరలేదు. అందుకే ఈ కంపెనీలు ఎవరితో కలుస్తున్నాయి, ఎవరిని విడిచిపెడుతున్నాయి అన్నది నాకు వ్యాపార పేజీ వార్తలా అనిపించదు.

విలీనాల చరిత్రలో మన బేగంపేటకీ చోటుంది. నిజాం ప్రభుత్వమూ టాటాలూ కలిసి నడిపిన దక్కన్ ఎయిర్‌వేస్ అక్కడినుంచే ఎగిరేది. దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్ ప్రేమ్ మాథుర్‌కి ఉద్యోగమిచ్చింది ఆ సంస్థే. 1953లో విమానయానాన్ని జాతీయం చేసినప్పుడు ఎనిమిది సంస్థలు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌గా మారాయి. వాటిలో దక్కన్ ఎయిర్‌వేస్ ఒకటి. ఆ ఇండియన్ ఎయిర్‌లైన్స్ 2007లో ఎయిరిండియాలో కలిసింది. ఆ ఎయిరిండియా 2022 జనవరి 27న మళ్ళీ టాటాల చేతికి వచ్చింది. 1953 నాటి ప్రయాణికుడికి మాత్రం విమానం మీద పేరు మారడం తప్ప పోయేదేమీ లేదు. అప్పటికి ఖాతాల్లేవు, హోదాల్లేవు.

అవి పెద్ద ఎత్తున మొదలైంది 1981 నుంచి. ఛార్జీలు, మార్గాలు ప్రభుత్వం నిర్ణయించే పద్ధతిని అమెరికా 1978లో ఎత్తేశాక పోటీ పెరిగింది. వచ్చిన ప్రయాణికుణ్ణి మళ్ళీ తమ దగ్గరికే రప్పించుకోవడానికి అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981 మే 1న అడ్వాంటేజ్ పథకం మొదలుపెట్టింది. కొద్ది రోజుల్లోనే యునైటెడ్ కూడా తన పథకం తెచ్చింది. 1997 మే 14న ఐదు సంస్థలు స్టార్ అలయన్స్‌గా ఏర్పడ్డాయి. 1999లో వన్‌వరల్డ్, 2000లో స్కైటీమ్ వచ్చాయి. ఒక సంస్థలో ఎగిరి సంపాదించింది ఇంకో సంస్థలో ఖర్చుపెట్టుకోవచ్చునన్నది ఈ కూటములు చేసిన పెద్ద వాగ్దానం.

మైల్స్ అంటే ఇంకొకరి గాదెలో మనం పోసుకున్న ధాన్యం. గింజలు మనవే, గాదె వాళ్ళది, కుంచమూ వాళ్ళదే. అడిగినప్పుడు లెక్కప్రకారం అన్ని కుంచాలూ కొలిచి ఇస్తారు. ఆ కుంచం ఎంత ఉండాలన్నది మాత్రం మనల్ని అడగరు. 2015లో డెల్టా ఏ ఊరికి ఎన్ని మైల్స్ కావాలో చెప్పే పట్టికనే తీసేసింది. 2019 చివర్లో యునైటెడ్ అదే దారి పట్టింది. అంతకుముందే, 2015, 2016 సంవత్సరాల్లో, అమెరికాలోని మూడు పెద్ద సంస్థలూ ఎగిరిన దూరాన్ని వదిలి పెట్టిన డబ్బును బట్టి మైల్స్ ఇవ్వడం మొదలుపెట్టాయి. ఎయిరిండియా 2024లో అటే మళ్ళింది. దీని దెబ్బ తగిలేది మనవాళ్ళకే. ఆరునెలల ముందు చవకగా టికెట్ కొనుక్కుని హైదరాబాదు నుంచి షికాగోదాకా వెళ్ళే తల్లిదండ్రులు దూరం ప్రకారమైతే బోలెడు మైల్స్ పోగేసుకునేవాళ్ళు. డబ్బు ప్రకారమైతే, ఎగిరిన దూరంతో పోలిస్తే వాళ్ళకంటే రేపటి ప్రయాణానికి ఇవాళ టికెట్ కొని ముంబయి వెళ్ళొచ్చే అధికారికే ఎక్కువ రావచ్చు.

కూటములు మారడం ఇంకో సంగతి. న్యూజెర్సీ తెలుగువాళ్ళకి నెవార్క్ విమానాశ్రయమే దగ్గర. అక్కడ కాంటినెంటల్‌ది పెద్ద స్థావరం, ఢిల్లీకీ ముంబయికీ నేరుగా విమానాలుండేవి. ఆ రోజుల్లో కాంటినెంటల్‌లో ఖాతా తెరిచిన కుటుంబం స్కైటీమ్ ప్రయాణికుల లెక్కలో ఉండేది. 2009 అక్టోబరులో కాంటినెంటల్ స్కైటీమ్ వదిలి స్టార్‌లో చేరింది. ఏడాది తిరక్కుండానే యునైటెడ్‌తో విలీనమైంది, తర్వాత ఆ ఖాతాలన్నీ యునైటెడ్ ఖాతాల్లో కలిశాయి. ఆ కుటుంబం ఇల్లు మారలేదు, విమానాశ్రయం మార్చలేదు. వాళ్ళ మైల్స్‌తో ఎక్కగలిగే విమానాలు మాత్రం ఒకసారి పూర్తిగా మారిపోయాయి. నిన్నటిదాకా ఎయిర్ ఫ్రాన్స్, కేఎల్ఎం. మర్నాటినుంచి లుఫ్తాన్సా, సింగపూర్.

ఇటీవల అంతకంటే పెద్ద మార్పు స్కాండినేవియాలో జరిగింది. స్టార్ అలయన్స్‌ని స్థాపించిన ఐదు సంస్థల్లో ఎస్ఏఎస్ ఒకటి. 2022లో దివాలా రక్షణ కోరింది. దాన్ని ఆదుకున్నవాళ్ళలో ఎయిర్ ఫ్రాన్స్-కేఎల్ఎం ఉంది, 19.9 శాతం వాటా తీసుకుంది. కొత్త వాటాదారు స్కైటీమ్ మనిషి కాబట్టి 2024 సెప్టెంబరు 1న ఎస్ఏఎస్ కూడా స్కైటీమ్‌లోకి వెళ్ళింది. ఇరవై ఏడేళ్ళ బంధం ఒక్క రాత్రితో తెగింది. కొత్త కూటమిని పరిచయం చేయడానికి ఆ ఏడాది చివరిలోగా పదిహేను స్కైటీమ్ సంస్థల్లో ఎగిరినవాళ్ళకి పది లక్షల పాయింట్లు ఇస్తామని ప్రకటించింది, దానికోసం జనం నిజంగానే ఖండాలు దాటి తిరిగారు. నాకు మాత్రం ఆ సందడిలో కనిపించని మనిషి గుర్తొస్తాడు. థాయ్ ఎయిర్‌వేస్‌లో కుటుంబమంతా బ్యాంకాక్ వెళ్ళాలని ఏళ్ళ తరబడి పోగేసుకున్న స్టాక్‌హోమ్ ఉద్యోగి. ఆయన ఖాతాలో ఒక్క పాయింటూ తగ్గలేదు. ఆ విమానం మాత్రం ఇక వాటికి దొరకదు.

మన దేశంలో 2007 ఒక్క ఏడాదిలోనే మూడు పెద్ద కలయికలకు తెరలేచింది. ఇండియన్, ఎయిరిండియా ఒకటయ్యాయి. జెట్ 1,450 కోట్లకి సహారాని కొంది. కింగ్‌ఫిషర్ ఎయిర్ డెక్కన్‌లో వాటా తీసుకుని ఆ తర్వాత కలుపుకొంది. కింగ్‌ఫిషర్ 2012 ఫిబ్రవరిలో వన్‌వరల్డ్‌లో చేరాల్సి ఉండగా కొద్ది రోజుల ముందు అది ఆగిపోయింది. అదే ఏడాది అక్టోబరుకల్లా విమానాలే ఆగాయి. జెట్ 2019 ఏప్రిల్ 17న ఆఖరిసారి ఎగిరింది. జెట్ ఖాతాలు వేరే కంపెనీ పేరు మీద ఉండడం వల్ల మైల్స్ బతికాయి, ఇంటర్‌మైల్స్ అని పేరు మార్చుకున్నాయి. ఏ విమానం ఎక్కాలని దాచుకున్నామో అది లేకుండా మైల్స్ మాత్రం మిగలడం ఎంత వింత పరిస్థితో అప్పుడు చాలామందికి తెలిసొచ్చింది.

విస్తారా విలీనంలో లాభం లేదనను. విస్తారా ఏ కూటమిలోనూ లేదు. ఎయిరిండియా 2014 జులై నుంచి స్టార్‌లో ఉంది. కాబట్టి విస్తారాలో గోల్డ్ ఉన్నవాళ్ళకి ఒక్కసారిగా ఫ్రాంక్‌ఫర్ట్‌లో, సింగపూర్‌లో, షికాగోలో కూడా లాంజ్ తలుపులు తెరుచుకున్నాయి. ఇది చిన్న సంగతి కాదు. పోయింది ఇంకోచోట ఉంది. విస్తారా పేరుతో కార్డులిచ్చిన బ్యాంకులు వాటిని మెల్లగా ఎత్తేశాయి. ఏటా ఆ కార్డు మీద ఒక ఉచిత టికెట్ వస్తుందని లెక్కేసుకున్న మధ్యతరగతి ఇళ్ళకి అది తగిలింది. అంతకంటే ముఖ్యం, పోటీ తగ్గింది. ఇవాళ దేశంలో ఎగిరేవాళ్ళలో దాదాపు 90 శాతం ఇండిగో, ఎయిరిండియా గ్రూపుల విమానాల్లోనే ఎగురుతున్నారు. 2025 డిసెంబరు మొదట్లో ఇండిగో వేల సంఖ్యలో విమానాలు రద్దు చేసినప్పుడు విమానాశ్రయాల్లో చిక్కుబడ్డవాళ్ళకి వెళ్ళడానికి రెండో దారి ఎంత ఇరుకో దేశమంతా చూసింది. పోటీ లేనిచోట ప్రయాణికుణ్ణి బుజ్జగించాల్సిన అవసరమూ ఉండదు, మైల్స్ విలువ మెల్లగా అక్కడే కరిగిపోతుంది.

ఈ పాయింట్లు కంపెనీలకి ఎంత విలువైనవో 2020లో బయటపడింది. కరోనాతో విమానాలు నేలమీద ఉన్నప్పుడు యునైటెడ్ తన మైల్స్ పథకాన్ని తాకట్టు పెట్టి 680 కోట్ల డాలర్లు, డెల్టా 900 కోట్ల డాలర్లు తెచ్చుకున్నాయి. మరుసటి ఏడాది అమెరికన్ 1,000 కోట్ల డాలర్లు సమకూర్చుకుంది. ఎగరని విమానాల కంటే మన ఖాతాలే నమ్మకమైన ఆస్తి అని అప్పిచ్చినవాళ్ళు తేల్చారన్నమాట. అంత ఆస్తికి మూలం మనమైనప్పుడు, దాని నియమాలు మారేటప్పుడు మనకొక మాట ఉండాలి.

నా పద్ధతి చెబుతాను. ఏ విమానం ఎక్కామన్నదాన్ని బట్టి ఖాతా ఎంచుకోను, పిల్లలు ఏ ఊళ్ళో ఉన్నారన్నదాన్ని బట్టి ఎంచుకుంటాను. డాలస్ అమెరికన్ ఎయిర్‌లైన్స్‌కి ఇల్లు, అది వన్‌వరల్డ్. శంషాబాద్ నుంచి దోహా మీదుగా ఖతార్‌లో వెళితే అదీ అదే కూటమి. కాబట్టి చెల్లెలి వైపు ప్రయాణాలన్నీ అటే జమ చేస్తాం. న్యూజెర్సీ వైపువి స్టార్‌కి. ఎమిరేట్స్, ఎతిహాద్ ఏ కూటమిలోనూ లేవు, వాటిలో వచ్చినవి వాటితోనే వాడేస్తాం. విలీనం మాట వినబడగానే ఒకే పని చేస్తాను: పాత భాగస్వామి విమానంలో ఎవరికైనా టికెట్ కావాలేమో అడిగి వెంటనే బుక్ చేస్తాను. మైల్స్ మనుమల కోసం దాచే బంగారం కాదు. అమ్మకి మోకాళ్ళు సహకరిస్తున్నప్పుడే వాటిని ఖర్చుపెట్టాలి.

కానీ ఒక్కొక్క ఇంటి జాగ్రత్తతో అయ్యే పని కాదిది. దక్షిణ కొరియాని చూడండి. 2024 డిసెంబరులో కొరియన్ ఎయిర్ ఆసియానాని సొంతం చేసుకుంది. అక్కడ మైల్స్ కలిపే పద్ధతికి ఫెయిర్ ట్రేడ్ కమిషన్ ఒప్పుకోవాలి. మొదటి ప్రతిపాదన చాలదని 2025 జూన్‌లో కమిషన్ వెనక్కి పంపింది. సెప్టెంబరులో వచ్చిన రెండోదానిలో ఎగిరి సంపాదించిన మైలుకి మైలు, కార్డుల మీద వచ్చినవాటికి ఒకటికి 0.82. కలపడం ఇష్టం లేనివాళ్ళు పదేళ్ళపాటు ఆసియానా మైల్స్‌గానే ఉంచుకోవచ్చు. దాన్ని కూడా ప్రజల అభిప్రాయానికి పెట్టారు.

విస్తారా విలీనానికి మన కాంపిటీషన్ కమిషన్ 2023 సెప్టెంబరులో షరతులతో అనుమతి ఇచ్చింది. ఇకముందు ఏ విలీనం వచ్చినా ఆ షరతుల్లో మన ఖాతాల ఊసు కూడా ఉండాలి. ఒకటికి ఒకటి అన్న హామీ ఒక్కటే చాలదు. కనీసం రెండేళ్ళు టికెట్‌కి కావలసిన పాయింట్లు పెంచకూడదు. ఏ భాగస్వామి సంస్థ జాబితాలోంచి పోతుందో ఆరునెలల ముందే చెప్పాలి. ఆ గడువులో పాత లెక్కప్రకారం టికెట్ అడిగినవాళ్ళకి ఇవ్వాలి.